ఆ చప్పుడు పటాకులది కాదమ్మా

పాత గూఢచారి సినిమాల క్లైమాక్సుల గురించి పోయిన నెల ఈ పేజీలో నాలుగు మాటలు రాశాను. దానికి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువ మంది అడిగింది ఒకే సినిమా గురించి. 1969లో వచ్చిన ‘ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్’, అంటే జేమ్స్ బాండ్ పెండ్లి చేసుకునే సినిమా. వాటిలో దేవరకొండ ఉత్తరం చదివాక నాకు మూడు రాత్రులు సరిగా నిద్ర పట్టలేదు. అందుకే దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను. మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: అయ్యా, నేను పెద్దగా చదువుకోలేదు. ఈ ఉత్తరం మా మనుమడితో రాయిస్తున్నాను. 1974 ఎండాకాలంలో నా పెండ్లయింది. మా ఆయన సాగర్ ఎడమ కాలువ పనుల్లో ఉండేవాడు. పెండ్లయిన నెల లోపే ఒక ఆదివారం నల్లగొండ తీసుకుపోయి మార్నింగ్ షోలో ఇంగ్లీషు సినిమా చూపించాడు. నాకు ఒక్క మాట అర్థం కాలేదు. ఆయనే చెవిలో చెప్పుకుంటూ పోయాడు. మంచు కొండలు, కొండ మీద గుండ్రటి మేడ, చివరికి పెండ్లి, పూలు కట్టిన కారు. దారిలో కారు ఆపి పెండ్లికొడుకు ఆ పూలు తీస్తున్నాడు. అక్కడ తెర నల్లబడింది. నల్లబడ్డాక పటపటమని చప్పుడు వినిపించింది. అదేమిటని అడిగితే ‘పెండ్లి కదా, పటాకులు కాలుస్తున్నరు’ అన్నాడు. యాభై ఏండ్లుగా నాకు ఆ సినిమా అంటే అదే. ఆయన పోయి రెండేండ్లయింది. మొన్న మనుమడు ఫోన్‌లో ఆ సినిమా పెట్టాడు. చూస్తే, ఆ పిల్లను కాల్చి చంపేశారు. నేను చూసిన సినిమాలో ఆ పిల్ల చావలేదు. నాకు మతి తప్పిందా? లేక మా ఆయన నాతో అబద్ధం ఆడాడా? చివర్లో వచ్చిన పోలీసాయనతో పెండ్లికొడుకు ఏమన్నాడో అది కూడా చెప్పండి.
— ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: అమ్మా, మీకు మతి తప్పలేదు. ఆయన అబద్ధం ఆడలేదు. మీరిద్దరూ ఆ రోజు చూసిన సినిమా అక్కడికే అయిపోయింది. తప్పు మా క్యాబిన్‌ది. ఎట్లా జరిగిందో మొదటి నుంచి చెబుతాను.

1974లో నాకు పద్దెనిమిదేండ్లు. నల్లగొండలో ఒక టాకీసులో ఆపరేటర్ దగ్గర పనికి కుదిరి ఏడాది కావస్తోంది. నా పని రీళ్లు వెనక్కి చుట్టడం, మెషీన్ వెలుగు కోసం మండించే కార్బన్ కడ్డీలు అందించడం, కూజాలో నీళ్లు నింపడం. ఆ మే నెలలో ఈ సినిమా మాకు వచ్చింది. మీరు చూసింది మా టాకీసులోనే అని ఒట్టు పెట్టలేను. కానీ ఆదివారం మార్నింగ్ షో, పూలు తీస్తుండగా నల్లబడిన తెర, ఆ తర్వాత చప్పుడు, ఈ మూడూ ఒకచోట చదివాక నాకు ఇంక అనుమానం లేదు.

అప్పట్లో నల్లగొండకు రైలు లేదు. సినిమా పెట్టె హైదరాబాద్ నుంచి బస్సు టాపు మీద వచ్చేది. ఇంగ్లీషు సినిమా ప్రింటు మనదాకా వచ్చేసరికి ఎన్నో ఊళ్లు తిరిగి, ఎన్నో మెషీన్లు తొక్కి ఉండేది. ఈ సినిమా నిడివి 142 నిమిషాలు. నిమిషానికి 90 అడుగుల ఫిల్మ్ పోతుంది. లెక్క వేస్తే 12,780 అడుగులు. వెయ్యి అడుగులను ఒక రీలు అంటాం కాబట్టి పన్నెండు నిండు రీళ్లు, ఒక ముప్పావు. పెట్టె రాగానే మా గురువుగారు రివైండర్ ముందు కూర్చుని, ఫిల్మ్ రెండు అంచులనూ బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని మొత్తం చుట్టించేవారు. కళ్లు మూసుకుని చేసేవారు ఆ పని. మెషీన్ పళ్లు పట్టుకునే అంచు రంధ్రం చిరిగిన చోట వేలికి గుచ్చుకుంటుంది. గుచ్చుకోగానే ‘ఆపురా’ అనేవారు. అక్కడ కత్తిరించి, గీకి, సిమెంటు రాసి అతికేవాళ్లం. ఒక్కో అతుక్కి ఒకటో రెండో ఫ్రేములు పోయేవి.

చివరి రీలు తోక దగ్గరికి వచ్చేసరికి ఆయన వేళ్లు అసలు కదలలేదు. అడుగడుగునా చిరుగులే. ఏ సినిమాకైనా ముందుగా పాడయ్యేది ఆ చోటే. ఆఖరి సీను అవుతుండగానే జనం లేస్తారు, తలుపులు తెరుస్తారు, గేట్లో సైకిళ్లు కదులుతాయి. ఆపరేటర్ ధ్యాస కూడా తర్వాతి ఆట మీదికి పోతుంది. ఫిల్మ్ తోక స్పూలు మీద పటపట కొట్టుకుంటుంది, నేల మీద పడి దుమ్ము పడుతుంది, కాలి కింద నలుగుతుంది. ఇట్లా ప్రతి ఊళ్లోనూ కొంత పోతుంది. మాకు వచ్చేటప్పటికే ఆఖరి పేర్లు పోయాయి. మిగిలినదాంట్లో పెండ్లికొడుకు పూలు తీసే ముక్క దాకా బాగుంది. అక్కడి నుంచి అటుపక్క ఫిల్మ్‌కు ఒకవైపు రంధ్రాలే లేవు. అట్లాంటిది మెషీన్‌లో పెడితే పళ్లకు పట్టు దొరకదు. గేటు దగ్గర ఆగిపోతుంది. ఆగితే వెనక కార్బన్ మంట వేడికి కరిగి బుడగలు లేస్తుంది.

అందుకని గురువుగారు అక్కడ కత్తిరించి, మా దగ్గరున్న నల్ల లీడరు ముక్క, అంటే బొమ్మ లేని నల్ల ఫిల్మ్, అతికించారు.

కష్టపడితే కొంత నిలబెట్టేవాళ్లమే. చిరిగిన అంచుకు వేరే పాత ఫిల్మ్ అంచు కోసి అతికించే పని ఉంది. ఒక రాత్రంతా పడుతుంది, కానీ అవుతుంది. గురువుగారు యజమానిని అడిగారు కూడా. యజమాని ఆ ముక్కను బల్బుకు ఎదురుగా పెట్టి చూసి, ‘పెండ్లితోని అయిపోతే మంచిదే గదా, జనం నవ్వుకుంట పోతరు’ అన్నాడు. మా గురువుగారు ఏమీ అనలేదు. నేనూ అనలేదు. నాకు అప్పటికి కథే తెలియదు. వారం రోజులు ఆ సినిమా అట్లాగే నడిచింది.

ఇప్పుడు మీరు విన్న చప్పుడు సంగతి. ఫిల్మ్ మీద బొమ్మ ఒకచోట, ఆ బొమ్మకు సంబంధించిన శబ్దం ఇంకొకచోట ఉంటాయమ్మా. మెషీన్‌లో బొమ్మను చూపించే గేటు పైన ఉంటుంది. శబ్దాన్ని చదివే డబ్బా దానికి కింద ఉంటుంది. ఫిల్మ్ ముందు గేటు దాటి తర్వాత ఆ డబ్బాలోకి పోతుంది. అందుకని శబ్దాన్ని బొమ్మ కన్నా 20 ఫ్రేములు ముందుగా అచ్చు వేస్తారు. అంటే తెర మీద కనిపించే బొమ్మ చప్పుడు, ఫిల్మ్ మీద దానికన్నా 20 ఫ్రేములు ముందు గేటు దాటిపోయిన చోట ఉంటుంది. బొమ్మను ఒకచోట కత్తిరిస్తే, కత్తిరించి పారేసిన బొమ్మలకు సంబంధించిన 20 ఫ్రేముల శబ్దం ఇవతలి ముక్క మీదే మిగిలిపోతుంది. సెకనుకు 24 ఫ్రేములు కాబట్టి అది సెకను కూడా ఉండదు. తెర మీద నల్ల లీడరు పోతుంటే, స్పీకర్లో ఆ సెకను లోపు చప్పుడు పలికింది.

అది పటాకులది కాదమ్మా, మెషీన్ గన్‌ది. మీకు ఆ చావు కనబడలేదు కానీ, వినబడింది.

మీ ఆయన తెలిసి చెప్పారా, తెలియక చెప్పారా అన్నది నేను తేల్చలేను. పెండ్లి చూశాం, పూల కారు చూశాం, తర్వాత పటపటమంది. మన నల్లగొండ జిల్లాలో ఎవరిని అడిగినా పటాకులే అంటారు. ఒకవేళ ఆయన ఇయాన్ ఫ్లెమింగ్ రాసిన నవల చదివి ఉంటే సంగతి తెలిసే ఉంటుంది. 1963లో వచ్చిన ఆ నవల కూడా ఆ పిల్ల చావుతోనే ముగుస్తుంది. తెలిసి అన్నారనుకున్నా సరే, పెండ్లయి నెల తిరగని భార్యకు చీకట్లో ఆ మాట చెప్పిన మనిషిని నేను తప్పు పట్టలేను. మీరూ పట్టకండి.

ఇంకొక మాట. మీరు చూసిన ముగింపు, దర్శకుడు పీటర్ హంట్ మొదట అనుకున్న ముగింపే. పెండ్లయి ఇద్దరూ కారులో వెళ్లిపోవడంతో ఈ సినిమా ఆపి, ఆమె చావును తర్వాతి సినిమాకు మొదటి సీనుగా పెట్టాలన్నది ఆయన ఆలోచన. బాండ్‌గా వేసిన జార్జ్ లాజెన్‌బీ ఇక ఆ వేషం వేయనని వెళ్లిపోవడంతో అది మారి, చావు ఇక్కడికే వచ్చింది. మా గురువుగారి కత్తెర, తెలియకుండానే, ఆయన మొదట ఆపుదామనుకున్న చోటు దగ్గరే పడింది.

పోలీసాయనతో బాండ్ ఏమన్నాడో అడిగారు. ఆ మాటల కోసమే ఆ సినిమా మళ్లీ మళ్లీ చూస్తాను. మోటార్ సైకిల్ మీద వచ్చిన పోలీసు ఆగి చూస్తాడు. ఒళ్లో చచ్చిపోయిన భార్య. బాండ్ అరవడు, ఏడవడు. ఏమీ కాలేదని, ఆమె కొంచెం విశ్రాంతి తీసుకుంటోందని, కాసేపట్లో బయలుదేరతామని చెబుతాడు. తొందరేమీ లేదు, మాకు కావలసినంత సమయం ఉంది అంటాడు. సినిమా మధ్యలో వాళ్లిద్దరూ తోటల్లో తిరుగుతూ గుర్రాలెక్కుతుంటే, ఒక ముసలాయన బొంగురు గొంతుతో పాట వస్తుంది, గుర్తుందా? అది లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతు. ఆ పాట పల్లవి కూడా ఇదే మాట. అప్పుడు సంతోషంగా విన్న మాటే చివరికి శవం పక్కన కూర్చుని చెబుతాడు. పోలీసుకు చెప్పినట్టే ఉంటుంది కానీ, తనకు తాను చెప్పుకుంటున్నాడు. మన ఇండ్లల్లో కూడా చావు జరిగిన గంటలో ఇట్లా మాట్లాడేవాళ్లను చూశాను. మా మేనత్త, మామ పోయిన పూట, వచ్చిన వాళ్లందరికీ ‘ఇప్పుడే పండుకున్నడు, లేపకుండ్రి’ అని చెప్పింది. ఇంగ్లీషు సినిమా కదా అని పక్కన పెట్టలేం.

మొదటి టేక్‌లో లాజెన్‌బీ కన్నీళ్లు పెట్టుకున్నాడట. బాండ్ ఏడవడని చెప్పి దర్శకుడు మళ్లీ తీయించాడని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. దర్శకుడిదే సరైన మాట అని నా నమ్మకం. ఏడ్చి ఉంటే ఆ ఏడుపు అక్కడే తీరిపోయేది. ఏడవలేదు కాబట్టి మనం ఇంటికి మోసుకుపోతాం.

ఇక నా దగ్గరున్న వస్తువు గురించి. కత్తిరించిన ముక్కలు ఊడ్చి పారేయడం నా పనే. చిన్నపిల్లలు వాటి కోసం క్యాబిన్ కింద నిలబడేవాళ్లు. ఆ రోజు పిల్లలకు ఇవ్వగా మిగిలిన నాలుగు ఫ్రేముల ముక్క ఒకటి జేబులో వేసుకున్నాను. వెలుతురుకు పెట్టి చూస్తే మనిషి లేడు, కారు లేదు. కోడిగుడ్డు ఆకారంలో, నిలువుగా సాగిన ఒక గూడు, చుట్టూ సన్నటి గీతలు. సాలెగూడు అనుకున్నాను. ఇంగ్లీషు సినిమాలో చివర్న సాలెగూడు ఎందుకు చూపించారబ్బా అని చాలాకాలం ఆలోచించాను కూడా. 1987లో ఒక మిత్రుడి ఇంట్లో వీసీఆర్ అద్దెకు తెచ్చి రాత్రంతా సినిమాలు వేశారు. అందులో ఇది ఒకటి. చివరికి కెమెరా కారు ముందు అద్దం మీద ఆగింది. అద్దంలో తూటా రంధ్రం, దాని చుట్టూ పగుళ్లు. నేను లేచి ఇంటికి పోయి బిస్కెట్ డబ్బా తెరిచి ఆ ముక్క చూశాను. అది స్కోప్ సినిమా. ఫిల్మ్ మీద బొమ్మను అడ్డంగా సగానికి నొక్కి అచ్చు వేస్తారు, తెర మీద లెన్సు మళ్లీ విడదీస్తుంది. అందుకే గుండ్రటి పగులు నాకు గుడ్డులా కనబడింది. పదమూడేండ్లు ఆ పిల్ల చావును డబ్బాలో పెట్టుకుని సాలెగూడు అనుకున్నాను.

ఆ ముక్క ఇప్పటికీ ఉంది. మీరు చూడాలనుకుంటే మనుమడితో పత్రిక ఆఫీసుకు కబురు పంపండి. నేనే దేవరకొండ వస్తాను. చూడవద్దనుకుంటే అది కూడా నాకు అర్థమవుతుంది.

ప్రశ్న: బాండ్ పెండ్లాడిన ట్రేసీని చంపింది విలన్ బ్లోఫెల్డ్ అంటున్నారు. కానీ అంతకుముందే మంచు మీద జారుడు బండ్ల పోరులో అతని మెడ చెట్టు కొమ్మలో ఇరుక్కుంటుంది. చచ్చిపోయాడనే అనుకున్నాం. మళ్లీ ఎట్లా వచ్చాడు? తర్వాతి సినిమాలో బాండ్ పగ తీర్చుకున్నాడా?
— వనపర్తి నుంచి ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: కొమ్మలో ఇరుక్కున్నాడే కానీ చావలేదు, తమ్ముడూ. చివరి సీనులో కారు నడుపుతున్న అతని మెడకు పట్టీ ఉంటుంది, ఈసారి చూడు. అది ఆ కొమ్మ దెబ్బే. కారు నడిపింది అతను, కాల్చింది వెనక సీట్లో ఉన్న అతని అనుచరురాలు ఇర్మా బంట్. ఆ వేషం వేసిన జర్మన్ నటి ఇల్జే స్టెప్పట్ సినిమా విడుదలైన కొద్ది రోజులకే చనిపోయారు. ఆ పాత్రను తర్వాతి సినిమాలో తీసుకురాలేదు.

పగ గురించి నాకు కోపం ఉంది. 1971లో ‘డైమండ్స్ ఆర్ ఫరెవర్’తో షాన్ కానరీ మళ్లీ బాండ్‌గా వచ్చారు. మొదట్లోనే బ్లోఫెల్డ్ కోసం దేశదేశాలు వెతుకుతాడు, దొరికాక కొడతాడు. కానీ ట్రేసీ పేరు ఒక్కసారి కూడా పలకడు. ఎందుకు వెతుకుతున్నాడో చూసేవాళ్లే ఊహించుకోవాలి. ఇంట్లో చావు జరిగితే మరుసటి ఏడు ఆ మనిషి పేరెత్తకుండా పండగ చేసుకున్నట్టు ఉంటుంది నాకు.

పేరు మళ్లీ కనిపించడానికి 1981 దాకా ఆగాల్సి వచ్చింది. ‘ఫర్ యువర్ ఐస్ ఓన్లీ’ మొదలవడమే సమాధి దగ్గర. రోజర్ మూర్ పూలు పెడతాడు. రాయి మీద ట్రేసీ అసలు పేరు తెరీసా బాండ్, 1943 నుంచి 1969 అని, కింద ‘మాకు కావలసినంత సమయం ఉంది’ అన్న ఆ మాటే చెక్కి ఉంటుంది. నటుడు మారాడు, పన్నెండేండ్లు గడిచాయి, అయినా ఆ రాయి మీద అక్షరాలు చూస్తే నాకు పాత సినిమా నిన్ననే చూసినట్టు అనిపించింది. 2021లో వచ్చిన ‘నో టైమ్ టు డై’ చివర్లో మళ్లీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాటే వేశారు. ఆయన 1971లోనే పోయారు. యాభై ఏండ్ల తర్వాత కూడా బాండ్ సినిమాకు ఏడుపు కావాలంటే ఆయన గొంతే కావాల్సి వచ్చింది.

ప్రశ్న: ‘గోల్డ్‌ఫింగర్’లో బాంబు గడియారం సరిగ్గా 007 దగ్గర ఆగుతుంది. కానీ బాండ్ ఇంకా మూడు టిక్కులే మిగిలాయి అన్నట్టు మాట్లాడతాడు. నేను తప్పు విన్నానా?
— మహబూబ్‌నగర్ నుంచి ఒక టీచరు

జవాబు: సరిగానే విన్నారు, టీచర్‌గారూ. 1964 నాటి ఆ సినిమాలో గడియారం ముందు 003 దగ్గర ఆగాలి. మాట అప్పుడే రికార్డయింది. తర్వాత గడియారం అంకెను బాండ్ నంబరుకు మార్చారు, మాట మాత్రం పాతదే ఉండిపోయింది. అంత పెద్ద సినిమాలో అతుకు అట్లా బయటపడటం నాకు చాలా ఇష్టం. మా క్యాబిన్ అతుకులు గుర్తొస్తాయి.

కానీ ఆ సీనులో మీరు చూడాల్సింది అంకె కాదు. బాండ్ బంగారం దిమ్మెలతో తాళం పగలగొట్టి బాంబు మూత తెరుస్తాడు. లోపల తిరుగుతున్న చక్రాలు, తీగలు చూసి ఏం చేయాలో తెలియక చేతులు తడబడతాయి. ఏదో తీగ పట్టుకుని లాగబోతాడు. అప్పుడు పక్క నుంచి ఇంకొక చెయ్యి వచ్చి ఒక్క స్విచ్ నొక్కుతుంది, అంతే. బాంబు సంగతి తెలిసిన మనిషి వచ్చి ఆపాడు, హీరో ఆపలేదు. ఆ తర్వాత వచ్చిన సినిమాల్లో ఎర్ర తీగా నీలం తీగా అని ఎంత టెన్షన్ పెట్టినా, చివరికి హీరోయే కత్తిరిస్తాడు. ఇక్కడ హీరోకు తెలియదని ఒప్పుకున్నారు. మోటార్ కాలిపోతే వైండింగ్ తెలిసినవాడినే పిలుస్తాం కదా, అట్లా.

ఇంకొకటి, ఆ బంగారం గది లోపలి భాగం అంతా కళా దర్శకుడు కెన్ ఆడమ్ ఊహే. అమెరికా ప్రభుత్వం బంగారం దాచే అసలు ఫోర్ట్ నాక్స్ లోపలికి ఆయనను పోనివ్వలేదు.

ప్రశ్న: మన తెలుగులో మొదటి తరం గూఢచారి సినిమా అంటే కృష్ణగారి ‘గూఢచారి 116’ కదా? అది హిందీ సినిమా చూసి తీశారని మా బావ వాదిస్తున్నాడు. పందెం కాశాం.
— మిర్యాలగూడ నుంచి ఒక రైస్ మిల్లు ఉద్యోగి

జవాబు: పందెం మీరే గెలిచారు. మన సినిమా 1966లో వచ్చింది. కృష్ణ, జయలలిత నటించారు, డూండీగారు తీశారు, దర్శకుడు ఎం. మల్లికార్జునరావు. దాన్ని చూసి తీసిందే 1967 నాటి హిందీ ‘ఫర్జ్’. జితేంద్ర అక్కడ కూడా ఏజెంట్ 116. మన సినిమాకు కెమెరా పట్టిన రవికాంత్ నగాయిచ్ హిందీలో దర్శకుడయ్యారు. మీ బావగారికి ఇది చూపించి డబ్బులు తీసుకోండి, గొడవ పడకండి.

ప్రశ్న: తాతా, ఆ చిరిగిన చివరి రీలు ఈరోజు నీకు కొత్తగా, చిరుగు లేకుండా ఇస్తే ఎట్లా వేస్తావు? పెండ్లి దగ్గర ఆపుతావా, చివరిదాకా వేస్తావా?
— కొల్లాపూర్ నుంచి ఇంటర్ చదివే అబ్బాయి

జవాబు: చివరిదాకా వేస్తాను నాయనా. ఆ రోజు ఆ మాట అనలేకపోయానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. జనం నవ్వుకుంటూ పోవాలనేది యజమాని లెక్క. టికెట్ కొన్నవాళ్లకు సినిమా మొత్తం ఇవ్వాలి, ఏడుపు కూడా అందులోదే.

అయితే ఒక్కచోట నేను చెయ్యి పెడతాను. అద్దంలో తూటా రంధ్రం కనిపించేదాకా ఆ పాట బాణీ మెల్లగా, తీగ వాయిద్యాల మీద వస్తుంది. అది అయిపోగానే పేర్లు పడతాయి, ఒక్కసారిగా బాండ్ బాణీ దడదడమని మోగుతుంది. భార్య పోయిన మనిషి ముందు బ్యాండు మేళం కొట్టినట్టు ఉంటుంది. సినిమా మొత్తంలో నాకు నచ్చని చోటు అదొక్కటే. అందుకని అద్దం కనిపించేటప్పుడే నా చెయ్యి సౌండ్ నాబు మీద ఉంటుంది. పేర్లు మొదలవగానే శబ్దాన్ని బాగా తగ్గిస్తాను. పేర్లు మాత్రం చివరిదాకా పోనిస్తాను, ఒక్క అడుగు కూడా కొయ్యను.

హాల్లో లైట్లు వెంటనే వేయను. తలుపులు తెరవొద్దని గేటు దగ్గరి మనిషికి ముందే చెప్పి ఉంచుతాను. ఫిల్మ్ తోక స్పూలు మీదికి పూర్తిగా చుట్టుకున్నాక, మెషీన్ ఆపి, కార్బన్ ఆర్పి, అప్పుడు కిందికి చెయ్యి ఊపుతాను.